నీడపట్టున ఓ పచ్చని ముంగిలి

ఎండ రాని వాకిట్లో ఏం పెరుగుతుంది? ఈ ప్రశ్న పట్టుకుని గోదావరి దాటి కడియం వెళ్తే... జవాబు సగం అక్కడ దొరికింది. మిగతా సగం ఇంట్లోనే ఉందని అక్కడికెళ్లాకే తెలిసింది!

మా ఇంటి ముందు నాన్న కట్టించిన తులసికోట ఉంది. మూడేళ్లలో అందులో ఆరు తులసి మొక్కలు మారాయి. నాటిన నెలకల్లా ఆకులు పలచబడటం, కాడలు సన్నగా సాగి ఒక పక్కకి వాలిపోవడం, చివరికి ఎండుపుల్ల మిగలడం... ఇదీ వరస. ప్రతిసారీ అమ్మ ఆ పుల్లని మెల్లగా పెకలించి, మామిడిచెట్టు మొదట్లో పెట్టి వచ్చేది. నోరు తెరిచి ఏమీ అనేది కాదు. ఆరోది పోయినప్పుడు మాత్రం "ఇంటికి మంచిది కాదేమోరా" అంది.

తప్పు తులసిది కాదు. అమ్మ చేతిదీ కాదు. ఎండది!

హైదరాబాద్‌లో మాది ఉత్తరముఖం ఇల్లు. ముందు 30 అడుగుల వెడల్పు, 18 అడుగుల లోతున మట్టి నేల. గేటుకి పడమటి పక్కన నాన్న నాటిన మామిడిచెట్టు. ఒకప్పుడు ఆ వాకిట్లో బంతులూ, గులాబీలూ, చేమంతులూ పోటీలు పడి పూసేవి. తూర్పున ఖాళీ స్థలం ఉండేది. అందులో అయిదంతస్తుల అపార్ట్‌మెంటు లేచింది. దాంతో పొద్దుటి ఎండ పోయింది. సాయంత్రం ఎండని మామిడిచెట్టు ఎప్పుడో తీసేసుకుంది. మధ్యాహ్నం ఎండకి మా ఇల్లే అడ్డం. ముందు గులాబీలు పోయాయి. తర్వాత చేమంతులు. ఆఖరికి గడ్డి కూడా చచ్చి, నాచు పట్టింది.

"మామిడి కొట్టించేసి టైల్స్ పరిపిస్తే పోలా? రెండు కార్లు పడతాయి" అన్నాడు తమ్ముడు. వాడన్నదాంట్లో తప్పేం లేదు. రోజూ రాత్రి కారు వీధిలో పెట్టి, పొద్దున్నే ఎవరు గీతలు పెట్టారో చూసుకునే బాధ వాడిది. అమ్మ మాత్రం "నేను పోయాక మీ ఇష్టం" అని లోపలికెళ్లిపోయింది. ఆ మాట తర్వాత ఇంట్లో రెండ్రోజులు ఎవరం సరిగ్గా మాట్లాడుకోలేదు.

చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. శ్రావణమాసం దాకా గడువు. అప్పటికి ఆ వాకిట్లో ఏదైనా పచ్చగా నిలబడితే సరి. లేకపోతే టైల్సే. చెట్లని ఇష్టమొచ్చినట్టు కొట్టకుండా 2002లో వాల్టా చట్టం వచ్చిందని నేను గుర్తుచేస్తే, "అనుమతి తెచ్చుకుంటాలే" అన్నాడు తమ్ముడు.

అలా జులై మొదటివారంలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

గోదావరి దాటగానే...

తెల్లవారుజామున కొవ్వూరు దాటి రైలు వంతెన మీదికి ఎక్కగానే బోగీలో సగంమంది లేచి కూర్చున్నారు. కిటికీల్లోంచి చిల్లర నాణేలు, చేతులెత్తి దండాలు. కింద గోదావరికి అప్పుడే కొత్తనీరు వచ్చింది, ఎర్రగా, నిండుగా. పక్కన 1997లో రైళ్లకి సెలవిచ్చేసిన పాత హేవలాక్ వంతెన స్తంభాలు మసక వెలుతురులో వరసగా నిలబడి ఉన్నాయి.

రాజమహేంద్రవరంలో దిగి ఆటో ఎక్కాను. ఊరు దాటి జాతీయ రహదారి పట్టుకుంటే వేమగిరి, కడియపులంక... అక్కడి నుంచి రోడ్డుకి అటూ ఇటూ మొక్కలే. ఒక నర్సరీ ఎక్కడ ముగిసిందో, ఇంకొకటి ఎక్కడ మొదలైందో బోర్డు చూస్తే తప్ప తెలియదు. బుర్రిలంక, జేగురుపాడు, వీరవరం, పొట్టిలంక... చుట్టుపక్కల ఊళ్లన్నీ ఇదే పనిలో ఉన్నాయి. వేల ఎకరాల్లో మొక్కల సాగు. జానెడు కవరు మొక్క మొదలుకుని క్రేనుతో లారీ ఎక్కించాల్సిన పెద్ద చెట్ల దాకా ఇక్కడ దొరకనిదంటూ ఉండదంటారు. కొత్త సంవత్సరం వస్తోందంటే వేల మొక్కల్ని అక్షరాలుగా, బొమ్మలుగా పేర్చి శుభాకాంక్షలు చెప్పడం ఇక్కడి నర్సరీల సరదా.

పొద్దున్నే వెళ్లేవాళ్లు కడియపులంక పూల మార్కెట్టు చూడకుండా రాకూడదు. బంతిపూలు గుట్టలు గుట్టలుగా, చేమంతులు గంపలకెత్తి, లిల్లీలు కట్టలు కట్టలుగా... బేరాలు ఒకపక్క, తూకాలు ఒకపక్క. ఆ పసుపూ ఎరుపూ చూస్తుంటే మా వాకిలి గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. అవన్నీ ఎండ బిడ్డలు. నాకు వాటితో పనిలేదు.

ఈ నేలకి ఇంత సత్తువ ఊరికే రాలేదు. గోదావరి ఏటా తెచ్చి పోసిన ఒండ్రుమట్టి ఒక కారణం. ధవళేశ్వరం దగ్గర 1852 నాటికి కాటన్ దొర పూర్తిచేయించిన ఆనకట్ట, దాని నుంచి పారిన కాలువలు రెండో కారణం. మూడోది మనుషులు. కొబ్బరాకుల నీడలో వరసగా కూర్చున్న ఆడవాళ్లు నల్లని కవర్లలో మట్టి నింపడం, మొక్క పెట్టడం, పక్కకి జరపడం... చేతులు చూస్తే యంత్రాలేమో అనిపిస్తుంది. మాటలు మాత్రం ఇంటి కబుర్లు!

"ఎండ ఎన్ని గంటలండి?"

నేను వెళ్లిన నర్సరీ చిన్నదే. అరవై దాటిన పెద్దాయన, లుంగీ పైకి మడిచి, గొట్టంతో నీళ్లు పడుతున్నారు. నా గోడంతా విని గొట్టం కింద పెట్టి, ఒకే ఒక్క మాట అడిగారు.

"మీ వాకిట్లో ఎండ ఎన్ని గంటలండి బాబూ?"

"ఎండే రాదండి."

"అసలు రాకపోతే నాచు కూడా పట్టదండి. ఎక్కడో, ఎప్పుడో వస్తుంది. అది తెలీకుండా మొక్క ఎలా ఇచ్చేదండి?"

నిజమే. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో ఉంటున్నాను. ఎండ ఎక్కడ, ఎంతసేపు పడుతుందో నాకు తెలియదు! ఫోన్ తీసి తమ్ముడికి చేశాను. వాడికీ తెలియదు. "అమ్మనడుగు" అని ఫోన్ ఆవిడకిచ్చాడు.

అమ్మ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "పొద్దున తొమ్మిదిన్నరకి అపార్ట్‌మెంటు పక్క సందులోంచి గేటు దగ్గర ఓ చాపంత ఎండ పడుతుంది. పదకొండింటి దాకా ఉంటుంది. అక్కడే కదరా నేను వడియాలు పెట్టేది! సంక్రాంతి రోజుల్లో అదీ ఉండదు. ఎండాకాలం నడిమధ్యాహ్నం మాత్రం ఇంటి గోడ దగ్గర కాళ్లు పెట్టలేం. మామిడి కింద ఎప్పుడూ చల్లనే."

ఫోన్ స్పీకర్లో ఉంది. పెద్దాయన వింటూ నేల మీద పుల్లతో గీతలు గీశారు. "ఆయ్... ఇంకేం కావాలండి! తోట ప్లాను అమ్మగారు చెప్పేశారు కదా" అన్నారు.

వడియాల చాప, గోడ పక్క, మామిడి కింద. మేమంతా ఒకే చీకటి అనుకున్న చోట అమ్మకి మూడు వేర్వేరు నీడలున్నాయి.

సూర్యుడి దారి తెలిస్తే సగం పని అయినట్టే

ఉత్తరముఖం ఇళ్లవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. మన దగ్గర ఏడాదంతా సూర్యుడు ఒకే దారిన నడవడు. హైదరాబాద్‌లో డిసెంబరు చివర మధ్యాహ్నం పన్నెండింటికి కూడా సూర్యుడు దక్షిణం వైపు బాగా వాలి ఉంటాడు. అప్పుడు 23 అడుగుల ఎత్తున్న ఇల్లు తన ఉత్తరం వైపు దాదాపు 20 అడుగుల నీడ పరుస్తుంది. అంటే మా 18 అడుగుల ముంగిలి మొత్తం ఆ నీడలోనే! అదే మే రెండోవారం నుంచి ఆగస్టు మొదటివారం దాకా సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి జరుగుతాడు. అందుకే రోహిణీకార్తెలో ఆ గోడ పక్కనే మధ్యాహ్నం నిప్పులు కురుస్తాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు నీడలో ఉన్న చోటు, ఎండలు ముదిరిన రోజుల్లో పెనం అవుతుందన్నమాట. నీడ కదా అని లేత ఆకుల మొక్క పెడితే మేలో మాడిపోయేది ఇందుకే.

మీ వాకిలి లెక్క తేల్చుకోవాలంటే పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. గుప్పెడు ముగ్గుపిండి చాలు. ఒక సెలవురోజు గంటకోసారి ఎండ అంచు వెంబడి ముగ్గు గీత వేయండి. సాయంత్రానికి మీ తోట పటం నేల మీదే ఉంటుంది. చలికాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి వేస్తే ఇంకా మంచిది.

పెద్దాయన ఇంకో చిట్కా చూపించారు. మధ్యాహ్నం నేలకి అడుగు ఎత్తున అరచేయి చాపాలి. నీడ అంచు స్పష్టంగా కనిపిస్తే వెలుతురు దండిగా ఉన్నట్టు. మసగ్గా కనిపిస్తే మధ్యస్థం. ఆకుమొక్కలకి అది చాలు. అసలు నీడే పడకపోతే అక్కడ మొక్క పెట్టడం దండగ, ఓ అరుగు వేసుకుని కూర్చోవడం మేలు!

కొబ్బరితోట చెప్పిన పాఠం

"నీడలో ఏం పెరుగుతుందని మీరడుగుతున్నారు. మా ఊరంతా నీడలోనే బతుకుతోందండి" అంటూ పెద్దాయన వెనకనున్న కొబ్బరితోటలోకి తీసుకెళ్లారు.

పైన కొబ్బరిమట్టలు. వాటి సందుల్లోంచి చిల్లరపైసల్లా రాలే ఎండ. కింద కోకో చెట్లు, మొండెం మీదే వేలాడే కాయలతో. గోదావరి జిల్లాల్లో కొబ్బరి కింద కోకో వేయడం మామూలే. దానికి నడినెత్తి ఎండ సరిపడదు, కాస్త నీడ ఉండాలి. కోకో పక్కన కంద, గట్టు వెంబడి పసుపు. ఒకే నేలలో మూడంతస్తుల కాపురం! తమలపాకు తోటల్లోనూ ఇంతే. అవిసె చెట్లు పెంచి, వాటి నీడలో, వాటినే ఊతంగా చేసుకుని తీగ పాకిస్తారు. ఎండలో పెడితే ఆకు పసుపెక్కి బిరుసైపోతుంది.

నర్సరీలో షేడ్‌నెట్ కింద పెంచే మొక్కల రహస్యమూ ఇదే. అడవిలో పెద్ద చెట్ల కింద పుట్టిన జాతులే అగ్లోనీమా, కలాథియా, ఫిలోడెండ్రాన్, ఫెర్న్‌లు... తక్కువ వెలుతురుని ఎక్కువగా పట్టుకోవడానికే వీటిలో చాలావాటికి వెడల్పాటి ఆకులు. మనం వాటిని ఇంటి మొక్కలని పిలుస్తున్నాం గానీ, అవి నీడ మొక్కలు.

"పైన ఒకటి, నడుమ ఒకటి, నేలమీద ఒకటి. ఈ మూడూ ఉంటే ఎంత చిన్న వాకిలైనా నిండుగా కనిపిస్తుందండి" అన్నారాయన. తోటల డిజైన్ మీద పుస్తకాలు చెప్పేదీ ఇంతకన్నా వేరుగా ఏమీ ఉండదు.

ముప్పై రకాలు వద్దు... మూడు చాలు

నేను ఉత్సాహంగా చేతిలోని కాగితం తీశాను. ముప్పై రెండు మొక్కల పేర్లు రాసుకెళ్లాను మరి. ఆయన చదివి నవ్వారు.

"పదిమంది పది పాటలు పాడితే సంతండి. పదిమందీ ఒకే పాట పాడితే భజన. మూడు నాలుగు రకాలు తీసుకోండి. ఒక్కోటీ పదేసి."

మొక్కలు అమ్మేవాడు తక్కువ కొనమని చెప్పడం నాకు వింతగా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ఎండ తోటలో పూల రంగులు కంటిని లాక్కుంటాయి. నీడలో పూలు తక్కువ. అక్కడ అందమంతా ఆకుదే. వెడల్పాటి ఆకు పక్కన సన్నని ఆకు, నున్నటిదాని పక్కన చారలది. రకరకాలు ఒక్కొక్కటే పెడితే అన్నీ కలిసి గజిబిజి. గుంపుగా పెడితేనే దేని సొగసు దానికి తెలుస్తుంది.

రంగు విషయంలోనూ ఒక కిటుకుంది. ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ నీడలో కలిసిపోయి కనిపించకుండా పోతాయి. తెల్లచారలు, లేత చిలకపచ్చ, తెల్లపూలు మాత్రం మసక వెలుతురులో దీపాల్లా వెలుగుతాయి.

ఇక మా మూడు చోట్లకి ఆయన తేల్చినవి ఇవి...

వడియాల చాప: రోజుకి గంటన్నర ఎండ, మిగతా వేళల్లో మంచి వెలుతురు ఉన్న చోటు. నందివర్ధనం, కనకాంబరం. రెండూ కొద్దిపాటి నీడని ఓర్చుకుంటాయి. పూలు కాస్త తగ్గినా అమ్మ పూజకి సరిపోతాయి. మందారం, గులాబీ, మల్లె ఆశపడొద్దన్నారు. వాటికి కనీసం అయిదారు గంటల ఎండ కావాలి. "చాప మధ్యలో మాత్రం ఏమీ పెట్టకండి, అమ్మగారి వడియాలు ఎక్కడ పెట్టుకుంటారు?" అన్నారు.

ఇంటి గోడ పక్క: ఎండ లేకపోయినా పైన ఆకాశం కనిపించే చోటు. వెనక వరసలో లేడీ పామ్, నడుమ తెల్లపూల పీస్ లిల్లీ, వెండిచారల అగ్లోనీమా, అంచున స్పైడర్ ప్లాంట్. అన్నీ కుండీల్లోనే. కారణం రోహిణీకార్తె! మే నెలలో వాటిని వరండాలోకి జరుపుకుని, తొలకరి పడ్డాక మళ్లీ బయటికి తెచ్చుకోవచ్చు.

మామిడి కింద: అన్నిటికంటే కష్టమైన చోటు. ఇక్కడ నీడొక్కటే సమస్య కాదు. మామిడి వేళ్లు పైమట్టిలోని తడినంతా తాగేస్తాయి. అందుకని గోడ నీడ తడినీడ, చెట్టు నీడ పొడినీడ. చాలామంది ఇక్కడే రెండు తప్పులు చేస్తారు. ఒకటి, గుంతలు తవ్వి పెద్ద వేళ్లు నరకడం. రెండు, చెట్టు మొదలు చుట్టూ మట్టి ఎత్తుగా పోసి మొక్కలు నాటడం. అలా పోస్తే వేళ్లకి గాలి ఆడక, మొదలు కుళ్లి చెట్టే దెబ్బతింటుంది. రాలిన ఆకుల్ని ఊడ్చి తగలబెట్టకుండా అక్కడే పరవాలి. వాటి మధ్య కుండీల్లో చాగ జాతి స్నేక్ ప్లాంట్లు, సింగోనియం. మొదలు పక్కన పెద్ద కుండీలో తమలపాకు తీగ పెట్టి మామిడి మాను మీదికి పాకించడం. హైదరాబాద్ పొడిగాలికి వేసవిలో దాని మీద నీళ్లు చిలకరిస్తూ ఉండాలి.

"అయితే మామిడి కొట్టక్కర్లేదా?" అనడిగాను ఉండబట్టలేక.

"కాయ కోత అయిపోయింది కదండీ. ఇదే అదను. లోపల కిక్కిరిసిన కొమ్మలు, ఎండిన కొమ్మలు తీయించండి. కోసిన చోట బోర్డో పేస్టు పూయండి. నడుమ గాలీ వెలుతురూ ఆడితే కింద మొక్కలకీ మంచిది, కాపుకీ మంచిది. గొడుగు చిరిగితే కుట్టిస్తాం గానీ, వానలో గొడుగు పారేస్తామా బాబూ!"

మరి తులసి?

అడగాల్సిన అసలు ప్రశ్న ఆఖరుకి మిగిలింది. నీడలో బతికే తులసి ఏదైనా ఉందా అని.

"లేదండి" అన్నారాయన సూటిగా. "తులసికి ఎండ కావాలి. నీడ తులసి అని ఎవరైనా అమ్మితే కొనకండి."

కోటని మేడ మీదికి మార్చుదామంటే అమ్మ మోకాళ్లు మెట్లెక్కనివ్వవు. అదే చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించారు. "హోటళ్లకీ ఆఫీసులకీ మేం అద్దెకి మొక్కలు పంపుతాం. ఏసీ గదిలో కొన్నాళ్లుంచి, వాడిపోకముందే వెనక్కి తెచ్చి, వేరేవి పెడతాం. తెచ్చినవి ఇక్కడ తేరుకుంటాయి. మీరూ అదే చేయండి. మేడ మీద ఎండలో మూడు కుండీల తులసి పెంచండి. వారానికి ఒకటి కిందికి తెచ్చి కోటలో దింపండి. వారం కాగానే దాన్ని పైకి పంపి ఇంకోటి తేండి. కోట ఉన్నచోటే ఉంటుంది, మొక్కే మారుతుంది."

మూడేళ్లలో మాకెవరికీ తట్టని ఉపాయం అది.

బయల్దేరే ముందు రెండు హెచ్చరికలు చేశారు. ఈ నీడ మొక్కల్లో అగ్లోనీమా, పీస్ లిల్లీ, సింగోనియం, మనీప్లాంట్, ముఖ్యంగా డైఫన్‌బేకియా... వీటి ఆకు నమిలితే నోరూ నాలుకా మండి వాచిపోతాయి. చిన్నపిల్లలూ, కుక్కపిల్లలూ ఉన్నవాళ్లు వాటిని అందని చోట పెట్టాలి. రెండోది దోమలు. కుండీల కింద పళ్లేల్లో నీళ్లు నిలిస్తే డెంగీ దోమకి మనమే ఇల్లు కట్టించి ఇచ్చినట్టు. పళ్లేలు తీసేయడమో, రెండు మూడు రోజులకోసారి పారబోసి తుడవడమో చేయాలి.

ఇంటికొచ్చిన గోదావరి

మొక్కలు లారీ పార్శిల్లో అయిదో రోజుకి వచ్చాయి. వెంటనే కుండీలు మార్చొద్దనీ, రెండు వారాలు వరండాలో ఒకచోట ఉంచమనీ పెద్దాయన ముందే చెప్పారు. గోదావరి గాలిలో తేమ వేరు, దక్కను గాలి వేరు. అన్నట్టుగానే కింది ఆకులు కొన్ని పసుపెక్కి రాలాయి. "ఇవీ పోతున్నాయి" అన్నాడు తమ్ముడు. నాకూ గుండె గుభేలుమంది. పదోరోజున పీస్ లిల్లీ మధ్యలోంచి చుట్టచుట్టుకున్న లేతాకు కనిపించింది. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

మట్టి నేనే కలిపాను. రెండుపాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు కొబ్బరిపొట్టు, ఒక పాలు వర్మీకంపోస్టు, గుప్పెడు వేపపిండి. నీళ్ల దగ్గరే మొదట పొరపాటు చేశాను. ఎండ మొక్కలకి పోసినట్టు గోడ పక్క వాటికి రోజూ పోశాను. నీడలో తడి తొందరగా ఆరదు. రెండు స్పైడర్ ప్లాంట్లు మొదలు కుళ్లి పోయాయి. అప్పట్నుంచి వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి, పొడిగా తగిలితేనే నీళ్లు. మామిడి కింద కుండీలకి మాత్రం వానజల్లు కూడా సరిగ్గా అందదు కాబట్టి వర్షం పడిన రోజూ చూడాల్సిందే.

చెట్టెక్కే మనిషిని పిలిపించి మామిడి కొమ్మలు పలచన చేయించాం. ఆ మధ్యాహ్నం ఎన్నో ఏళ్ల తర్వాత వాకిట్లో ఎండ చుక్కలు చుక్కలుగా పడింది, అచ్చం కడియం కొబ్బరితోటలోలాగే.

వరలక్ష్మీ వ్రతం నాటికి వాకిలి అడవేమీ అయిపోలేదు. తమలపాకు తీగ మాను మీద జానెడు కూడా పాకలేదు. తాంబూలాల్లోకి ఆకులు బజారు నుంచే తెచ్చాం. నందివర్ధనం ఏడెనిమిది పూలు పూసింది. కానీ పేరంటానికి వచ్చినవాళ్లు లోపలికి పోకుండా వరండాలోనే కూర్చుండిపోయారు. కోటలో తులసి గుబురుగా, పచ్చగా ఉంది. "ఎక్కడి నుంచి తెచ్చారండీ?" అని ఒకావిడ అడిగితే, "మేడ మీంచి" అంది అమ్మ. ఆవిడకి అర్థం కాలేదు.

టైల్స్ మాట మళ్లీ రాలేదు. తమ్ముడి కారు ఇప్పటికీ వీధిలోనే ఉంటుంది, దాని మీద గీతలూ పడుతూనే ఉన్నాయి. ఆ మాట వచ్చినప్పుడు వాడు నావైపు ఓ చూపు చూస్తాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఓ ఆదివారం నేను ఊళ్లో లేనప్పుడు, మేడ మీంచి తులసి కుండీ దింపింది వాడేనట.

అది విని సంబరపడుతూ ఇంటికొచ్చానా... అమ్మ గుమ్మంలోనే అందుకుంది.

"పైనున్న రెండిటికీ నీళ్లు పొయ్యమని వాడికి చెప్పకుండా పోయావేంరా?"

వెళ్లాలనుకుంటే...

• కడియం తూర్పుగోదావరి జిల్లాలో రాజమహేంద్రవరానికి దగ్గర్లోనే ఉంది. రైల్లో రాజమహేంద్రవరంలో దిగి బస్సులోనో, ఆటోలోనో వెళ్లొచ్చు. కడియంలోనూ రైల్వేస్టేషన్ ఉంది గానీ అన్ని రైళ్లూ ఆగవు.

• పూల మార్కెట్టు చూడాలంటే పొద్దున్నే చేరుకోవాలి. నర్సరీలు తీరిగ్గా తిరగడానికి చలికాలం హాయి. కొన్న మొక్కలు నాటుకోవడానికి తొలకరి తర్వాత రోజులు మంచివి.

• బయల్దేరే ముందు మీ వాకిలి పటం గీసుకోండి. ఎండ ఎక్కడ, ఎన్ని గంటలో రాసుకోండి. తెలియకపోతే ఇంట్లో వడియాలు పెట్టేవాళ్లని అడగండి!